ఆయుధంతో పాటు ఆఫీసూ మారాలి: సైనిక ప్రోగ్రాం ఆఫీసుల జీవితచక్రం

2025 సెప్టెంబరు 25న రక్షణ శాఖ 97 తేజస్ మార్క్-1ఏ యుద్ధ విమానాల కోసం హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్‌తో 62,370 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. మర్నాడే చండీగఢ్‌లో చివరి మిగ్-21 విమానాలకు వాయుసేన వీడ్కోలు పలికింది. 42 స్క్వాడ్రన్లు ఉండాల్సిన వాయుసేనలో ఆ రోజుతో 29 మిగిలాయి. 1985లో వాయుసేన తన అవసరాలను కాగితంపై పెట్టినప్పుడు, మిగ్-21 స్థానంలోకి 1994 నుంచే తేలికపాటి స్వదేశీ విమానాలు రావాలని, అలాంటివి మొత్తం 220 కావాలని కోరింది.

ఈ ఆలస్యానికి ఇంజిన్ వైఫల్యం, 1998 అణు పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు, మారుతూ వచ్చిన అవసరాలు, ఉత్పత్తి సామర్థ్యం కొరత వంటి కారణాలు తరచూ వినిపిస్తాయి. అవన్నీ నిజమే. అయితే వాటన్నిటి వెనుక అంతగా చర్చకు రాని విషయం మరొకటి ఉంది. ఆయుధాన్ని రూపొందించి, తయారు చేయించి, సైన్యానికి అప్పగించి, దాని ఆయుష్షు తీరేదాకా నడిపించే కార్యాలయం ఎలాంటిది? ఆయుధం ఒక దశ నుంచి మరో దశకు వెళ్తున్నప్పుడు ఆ కార్యాలయం కూడా మారిందా? సంస్థల నిర్వహణను అధ్యయనం చేసేవారు దీన్నే ప్రోగ్రాం ఆఫీసు జీవితచక్రం అంటారు.

ప్రోగ్రాం ఆఫీసు అంటే

సైన్యంలో మామూలు శాఖలు పనిని బట్టి ఏర్పడతాయి. డిజైన్ ఒకరిది, కొనుగోలు ఒకరిది, నాణ్యత తనిఖీ ఇంకొకరిది, మరమ్మతు మరొకరిది. ఒక క్షిపణి లేదా జలాంతర్గామి వంటి సంక్లిష్టమైన ఆయుధం ఇన్ని గడపలు తొక్కుతూ పోతే ఎప్పటికీ పూర్తి కాదు. అందుకే ఒకే ఆయుధానికి ఒకే అధికారి, ఒకే బడ్జెట్, ఒకే బృందం అనే పద్ధతి పుట్టింది. ఆ బృందమే ప్రోగ్రాం ఆఫీసు. అది స్వయంగా ఏదీ తయారు చేయకపోవచ్చు. కంపెనీలు, ప్రయోగశాలలు, సైన్యం, ఆర్థిక శాఖ మధ్య నిలబడి ఏది ముందు, ఏది తర్వాత, దేనికి ఎంత ఖర్చు అన్నది తేల్చడమే దాని పని.

ఈ పద్ధతికి ఆధునిక రూపం అమెరికాలో వచ్చింది. 1954లో అమెరికా వాయుసేన ఖండాంతర క్షిపణి అట్లాస్ కోసం వెస్ట్రన్ డెవలప్‌మెంట్ డివిజన్‌ను ఏర్పాటు చేసింది. దాని అధిపతి బ్రిగేడియర్ జనరల్ బెర్నార్డ్ శ్రీవర్. కాలిఫోర్నియాలోని ఇంగిల్‌వుడ్‌లో ఖాళీగా ఉన్న ఒక పాత పాఠశాల భవనంలో, సైనిక దుస్తులు వేసుకోని అధికారులతో ఆ ఆఫీసు మొదలైంది. మరుసటి ఏడాది చివర్లో నౌకాదళం స్పెషల్ ప్రాజెక్ట్స్ ఆఫీసును స్థాపించి రియర్ అడ్మిరల్ విలియం రాబర్న్‌కు అప్పగించింది. జలాంతర్గామి నుంచి ప్రయోగించే పొలారిస్ క్షిపణి ఆ ఆఫీసు ఫలితమే. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించాక గడువును ముందుకు జరిపారు. అయినా 1960 జులై 20న యూఎస్ఎస్ జార్జ్ వాషింగ్టన్ జలాంతర్గామి నీటి అడుగు నుంచి పొలారిస్‌ను విజయవంతంగా పేల్చింది.

తర్వాత ఈ కార్యాలయం కథే ఆసక్తికరం. పొలారిస్ పూర్తయ్యాక అది మూతపడలేదు. పేరు మార్చుకుంటూ పొసైడన్‌ను, ట్రైడెంట్ క్షిపణులను తెచ్చింది. నేడు స్ట్రాటజిక్ సిస్టమ్స్ ప్రోగ్రామ్స్ పేరుతో ట్రైడెంట్-2 క్షిపణుల నిర్వహణను చూస్తున్నది. అంటే ఏడు దశాబ్దాల వయసున్న ఒక ప్రోగ్రాం ఆఫీసు పుట్టుక, ఎదుగుదల, నడివయసు అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. పరిశోధకులు దాన్ని మళ్లీ మళ్లీ చదవడానికి కారణం అదే.

పరిశోధకులు చూసినది

అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1967లో ప్రభుత్వ కార్యాలయాల స్వభావంపై రాసిన పుస్తకంలో ఒక గమనింపు ఉంది. కొత్త కార్యాలయాన్ని మొదట ఒక ఆశయం కోసం పట్టుదలగా పనిచేసేవారు నడుపుతారు. కార్యాలయం నిలదొక్కుకుని, దాని ఎదుగుదల నెమ్మదించే కొద్దీ ఉన్నదాన్ని కాపాడుకోవాలనుకునేవారి సంఖ్య పెరుగుతుంది. నియమాలు పెరుగుతాయి, సాహసం తగ్గుతుంది. దీన్ని ఆయన వ్యక్తుల లోపంగా చూడలేదు. కార్యాలయం వయసుతో వచ్చే మార్పుగా చూశారు.

హార్వీ సపోల్‌స్కీ 1972లో పొలారిస్ మీద వెలువరించిన అధ్యయనం మరో కోణాన్ని చూపింది. ఆ ఆఫీసు 1958లో రూపొందించిన పెర్ట్ అనే పనుల జాల పటం ప్రపంచమంతా పాకి, నేటికీ ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఉంది. పొలారిస్ విజయానికి పెర్టే కారణమని చాలామంది నమ్మారు. నిజానికి పెర్ట్ చేసిన ప్రధానమైన మేలు వేరని సపోల్‌స్కీ తేల్చారు. ఇంత శాస్త్రీయంగా నడుస్తున్న ఆఫీసు పనిలో తలదూర్చాల్సిన అవసరం లేదని పైవారిని నమ్మించి, లోపలి ఇంజినీర్లకు స్వేచ్ఛ మిగిల్చింది. తొలి దశలో ప్రోగ్రాం ఆఫీసుకు అన్నిటికంటే అవసరమైనది రక్షణ కవచమని ఈ అధ్యయనం చెప్పింది.

ఈ రెండు గమనింపులను కలిపి చూస్తే అసలు చిక్కు బయటపడుతుంది. తొలినాళ్లలో కార్యాలయాన్ని బతికించిన గుణాలే తర్వాతి దశలో దానికి బరువవుతాయి. బయటివారిని దూరం పెట్టే అలవాటు డిజైన్ దశలో మేలు చేస్తుంది. ఉత్పత్తి దశలో అదే అలవాటు ఫ్యాక్టరీ చెప్పే మాటను, వినియోగదారుడైన సైనికుడి మాటను చెవిన పడనివ్వదు.

దశ మారితే ఏమేం మారాలి

ఆయుధం జీవితాన్ని స్థూలంగా నాలుగు దశలుగా చూడవచ్చు: ఆలోచన, అభివృద్ధి, ఉత్పత్తి, వినియోగం. ప్రతి దశలోనూ ఆఫీసులో నాలుగు విషయాలు మారతాయి.

మొదటిది మనుషులు. ఆలోచన దశలో కొద్దిమంది శాస్త్రవేత్తలు, డిజైనర్లు చాలు. అభివృద్ధికి పరీక్ష ఇంజినీర్లు, టెస్ట్ పైలట్లు కావాలి. ఉత్పత్తికి వచ్చేసరికి నాణ్యత నియంత్రణ, సరఫరాదారుల పర్యవేక్షణ, ఒప్పందాలు తెలిసినవారు ముందుకు రావాలి. వినియోగ దశలో విడిభాగాల నిల్వ, ఓవర్‌హాల్, కాలం చెల్లిన ఎలక్ట్రానిక్ భాగాలకు ప్రత్యామ్నాయం వెతకడం వంటివి తెలిసినవారే ప్రధానం.

రెండోది డబ్బు. భారత్‌లో ఈ మార్పు మరీ స్పష్టంగా ఉంటుంది. అభివృద్ధి ఖర్చు ప్రధానంగా రక్షణ పరిశోధన బడ్జెట్ నుంచి వస్తుంది. కొనుగోలు ఖర్చు సైన్యపు మూలధన పద్దులో, నిర్వహణ ఖర్చులో పెద్ద భాగం రెవెన్యూ పద్దులో పడుతుంది. సంచి మారినప్పుడు యజమాని కూడా మారతాడు.

మూడోది కాంట్రాక్టు. ఏమి చేయాలో స్పష్టత లేని దశలో అయిన ఖర్చు చెల్లించే పద్ధతి నడుస్తుంది. డిజైన్ స్థిరపడ్డాక ధర ముందే నిర్ణయించాలి. డిజైన్ స్థిరపడకముందే స్థిర ధరకు ఒప్పుకుంటే కంపెనీ నష్టపోతుంది. స్థిరపడ్డాక కూడా ఖర్చుల పద్ధతే సాగితే ఖజానా నష్టపోతుంది.

నాలుగోది విజయానికి కొలమానం. అభివృద్ధిలో ఎగిరిందా, లక్ష్యాన్ని తాకిందా అన్నదే ప్రశ్న. ఉత్పత్తిలో ఏడాదికి ఎన్ని వచ్చాయన్నది, వినియోగంలో ఈ ఉదయం ఎన్ని ఎగరడానికి సిద్ధంగా ఉన్నాయన్నది ప్రశ్న. ఆయుధం మొత్తం జీవిత వ్యయంలో దాదాపు 70 శాతం వినియోగం, నిర్వహణ దశలోనే అవుతుందని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ గావ్ పదేపదే చెబుతూ వచ్చింది. పత్రికల్లో పతాక శీర్షికలు మాత్రం మొదటి ప్రయోగానికే దక్కుతాయి.

హైదరాబాద్ అనుభవం: ఒకే గొడుగు, ఐదు వయసులు

1983 జులైలో కేంద్రం సమీకృత గైడెడ్ క్షిపణి అభివృద్ధి కార్యక్రమాన్ని మంజూరు చేసింది. బడ్జెట్ 388 కోట్ల రూపాయలు. కేంద్రస్థానం హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్. అంతకుముందు ఏడాదే డైరెక్టరుగా వచ్చిన ఏపీజే అబ్దుల్ కలాం దానికి సారథి. పృథ్వి, త్రిశూల్, ఆకాశ్, నాగ్, అగ్ని అనే ఐదు ప్రాజెక్టులకు ఐదుగురు డైరెక్టర్లను నియమించారు. పృథ్వికి సైనికాధికారి కల్నల్ వీజే సుందరంను, త్రిశూల్‌కు నౌకాదళానికి చెందిన కమొడోర్ ఎస్ఆర్ మోహన్‌ను ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. ఆయుధాన్ని వాడేవారి చూపు డిజైన్ గదిలో మొదటి నుంచే ఉండాలన్నది దాని వెనుక ఆలోచన. ఉత్పత్తి సంస్థ భారత్ డైనమిక్స్ లిమిటెడ్ కూడా అదే నగరంలో ఉండటం కలిసొచ్చింది.

తొలి దశకు ఈ ఏర్పాటు బాగా సరిపోయింది. పృథ్వి 1988 ఫిబ్రవరి 25న, అగ్ని 1989 మే 22న మొదటిసారి ఎగిరాయి. క్షిపణి సాంకేతికతపై 1987లో మొదలైన అంతర్జాతీయ ఆంక్షల నడుమ ఇది చిన్న విషయం కాదు. ఒకే గొడుగు కింద ఉండటం వల్ల పరీక్షా వేదికలు, పదార్థాలు, కంప్యూటర్లు, నిపుణులు ఐదు ప్రాజెక్టులకూ పంచగలిగారు. 1988లో ఏర్పడిన రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఆ ఉమ్మడి అవసరాలకు స్థిరమైన చిరునామా అయింది.

తర్వాత ఐదు క్షిపణులూ ఒకే వేగంతో పెరగలేదు. పృథ్వి సైన్యం చేతికి వెళ్లే దశకు చేరేసరికి మిగతావి ఇంకా పరీక్షల్లోనే ఉన్నాయి. అగ్నిని మొదట సాంకేతిక ప్రదర్శనగానే మంజూరు చేశారు. 1989, 1992, 1994 ప్రయోగాల తర్వాత ఆ పని ముగిసింది. ఉత్పత్తికి అనుమతి లేని ప్రాజెక్టుకు తర్వాతి దశ అనేదే ఉండదు. 1999 ఏప్రిల్‌లో అగ్ని-2 ఎగిరే దాకా ఐదేళ్లపాటు మళ్లీ ప్రయోగం జరగలేదు. 2001లో అగ్ని కోసం హైదరాబాద్‌లోనే అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీ విడిగా ఏర్పడింది. ఒక ప్రాజెక్టు గొడుగు కిందినుంచి బయటికి వచ్చి సొంత ఇల్లు కట్టుకోవడం జీవితచక్రంలో కీలకమైన మలుపు. అగ్ని ఆ తర్వాతే క్షిపణుల కుటుంబంగా ఎదిగింది.

మిగతా మూడింటి దారులు వేరు. 1990లో తొలి పరీక్ష జరిగిన ఆకాశ్ 2015లో సైన్యంలో, వాయుసేనలో అధికారికంగా చేరింది. నాగ్ క్షిపణి తుది వినియోగదారు పరీక్షలు 2020 అక్టోబరులో పోఖ్రాన్‌లో ముగిశాయి. త్రిశూల్ మాత్రం సేవలోకి రాకుండానే ఆగిపోయింది. దాని కోసం ఎదురుచూసిన నౌకాదళం చివరికి ఇజ్రాయెల్ బరాక్ క్షిపణులను తెచ్చుకుంది. 2008లో డీఆర్‌డీవో ఈ సమీకృత కార్యక్రమాన్ని ముగిస్తున్నట్టు ప్రకటించింది.

ఇందులో ఒక పాఠం ఉంది. ప్రారంభ దశలో ఐదు ప్రాజెక్టులను కలిపి ఉంచడం బలం. వాటి వయసులు వేరైనప్పుడు ఒకే సమీక్షా పద్ధతి, ఒకే ప్రాధాన్యాల జాబితా బలహీనత. త్రిశూల్ వంటి ప్రాజెక్టును ఎప్పుడు ఆపాలన్నది తొలి దశలో చెప్పుకోవాల్సిన మాట. ఎప్పుడు ఏ ప్రమాణంతో ముగించాలో రాసిపెట్టుకోని ఆఫీసు తనంతట తాను ముగింపు పలకదు.

బెంగళూరు అనుభవం: చేతులు మారినచోట

తేజస్ కోసం 1984లో బెంగళూరులో ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీని ఒక సొసైటీగా నమోదు చేశారు. ప్రయోగశాలలు, విద్యాసంస్థలు, హెచ్ఏఎల్‌లను కలిపి విమానాన్ని రూపొందించడం దాని పని. విమానాన్ని తయారు చేయాల్సింది హెచ్ఏఎల్. గగనయోగ్యత ధ్రువీకరించేది సెమిలాక్. కొనుక్కొని నడిపేది వాయుసేన. నలుగురికీ నాలుగు అధికార వరుసలు.

ప్రోగ్రాం డైరెక్టర్ కోట హరినారాయణ నాయకత్వంలో ఈ సంస్థ సాధించినది తక్కువేం కాదు. 2001 జనవరి 4న తొలి నమూనా విమానం ఎగిరింది. ఫ్లై-బై-వైర్ నియంత్రణ, కాంపోజిట్ నిర్మాణం వంటి రంగాల్లో దేశానికి కొత్త పునాది పడింది. ప్రమాదం లేకుండా వందలాది పరీక్షా ఉడ్డయనాలు జరిగాయి. అభివృద్ధి దశ కొలమానాలతో చూస్తే ఇది విజయమే.

ఉత్పత్తి దశ కొలమానాలతో చూసినప్పుడు చిత్రం మారుతుంది. మొదటి 20 విమానాలకు 2006లో, మరో 20కి 2010లో ఆర్డర్లు వచ్చాయి. యుద్ధ వినియోగానికి తొలి అనుమతుల ప్రక్రియ 2013 డిసెంబరు దాకా, తుది అనుమతి 2019 ఫిబ్రవరి దాకా సాగాయి. అంటే డిజైన్ ఇంకా కదులుతుండగానే ఫ్యాక్టరీ ప్రారంభమైంది. 2015లో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక మార్క్-1లో శాశ్వత, తాత్కాలిక మినహాయింపులు కలిపి 53 ఉన్నాయని లెక్క తేల్చింది. ఏడాదికి 8 విమానాలు కావాల్సి ఉండగా నాలుగింటికే తయారీ సౌకర్యాలు ఉన్నాయని కూడా చెప్పింది. తొలి స్క్వాడ్రన్ 2016 జులై 1న ఏర్పడింది.

2021 ఫిబ్రవరిలో 83 మార్క్-1ఏ విమానాలకు ఒప్పందం జరిగింది. 2024 మార్చి నుంచి అవి రావాల్సి ఉంది. అమెరికా ఇంజిన్ల సరఫరాలో ఆలస్యం, సాఫ్ట్‌వేర్, ఆయుధాల అనుసంధానం వంటివాటితో ఆ గడువు దాటిపోయింది. మార్క్-1ఏ మార్పుల బాధ్యత ప్రధానంగా హెచ్ఏఎల్‌ది. డిజైన్ సంస్థ దృష్టి అప్పటికే మార్క్-2 వైపు, ఐదో తరం విమానం ఆమ్కా వైపు మళ్లింది. 2025 మే నెలలో వాయుసేనాధిపతి ఎయిర్ చీఫ్ మార్షల్ అమర్‌ప్రీత్ సింగ్ బహిరంగ వేదిక మీదే మాట్లాడారు. కొన్ని ఒప్పందాలపై సంతకం చేసేటప్పుడే అవి సమయానికి రావని తెలుసునన్న అర్థంలో అసంతృప్తి చెప్పారు.

ఇక్కడ ఎవరో ఒక్కరిని దోషిగా నిలబెట్టడం తేలిక, కానీ ఉపయోగం లేదు. ఒక ఆఫీసు దశతో పాటు మారే బదులు, దశ మారిన ప్రతిసారీ పని ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మారింది. కాలం కరిగిపోయినదంతా ఎక్కువగా ఆ అతుకుల దగ్గరే. డిజైనర్‌కు తెలిసినది ఫ్యాక్టరీకి పూర్తిగా చేరదు. ఫ్యాక్టరీ ఇబ్బంది డిజైనర్ సమస్యగా మారదు. ఈ రెండింటి ఫలితాన్ని మోసే వాయుసేనకు మొదటి రెండు దశాబ్దాల్లో నిర్ణయాధికారం నామమాత్రంగానే ఉంది.

వేరే దారులు

భారత్‌లోనే వేరే తీరు ప్రోగ్రాం ఆఫీసులు ఉన్నాయి. అణు జలాంతర్గామి కోసం ఏర్పడిన అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ వెసెల్ కార్యక్రమంలో నౌకాదళం, భాభా అణు పరిశోధన కేంద్రం, డీఆర్‌డీవో కలిసి పనిచేశాయి. దానికి సాధారణంగా విశ్రాంత వైస్ అడ్మిరల్ స్థాయి అధికారి నాయకత్వం వహిస్తారు. 2009 జులై 26న విశాఖపట్నం షిప్ బిల్డింగ్ సెంటర్‌లో ఐఎన్ఎస్ అరిహంత్ నీటిలోకి దిగింది. రెండో జలాంతర్గామి అరిఘాత్ 2024 ఆగస్టు 29న అక్కడే నౌకాదళంలో చేరింది. వినియోగదారుడే కార్యాలయానికి అధిపతి కావడం, ఒక నౌక పూర్తికాకముందే మరోదాని పని మొదలవడం వల్ల ఇక్కడ నైపుణ్యం చెదిరిపోలేదు. అయితే ఈ కార్యక్రమం గోప్యత మాటున నడిచింది. ఎంత ఆలస్యమైంది, ఎంత ఖర్చయింది అన్న ప్రశ్నలు తేజస్‌కు ఎదురైనట్టు దీనికి ఎదురుకాలేదు. పోల్చేటప్పుడు ఈ తేడాను మరువరాదు.

భారత్, రష్యాలు 1998లో కుదుర్చుకున్న ఒప్పందంతో పుట్టిన బ్రహ్మోస్ మరో నమూనా. ఇక్కడ ప్రోగ్రాం ఆఫీసు ఒక కంపెనీ రూపం తీసుకుంది. డిజైన్ అనుసంధానం, ఉత్పత్తి, అమ్మకం, అమ్మకం తర్వాతి సేవ అన్నీ ఒకే గూటిలో ఉన్నాయి. హైదరాబాద్‌లో క్షిపణులను కూర్చే కేంద్రం నడుస్తున్నది. 2001 జూన్ 12న తొలి ప్రయోగం జరిగింది. 2022 జనవరిలో ఫిలిప్పీన్స్‌తో దాదాపు 37.5 కోట్ల డాలర్ల ఎగుమతి ఒప్పందం కుదిరింది. అప్పటికే పరిణతి చెందిన రష్యన్ క్షిపణి ఆధారంగా మొదలైంది కాబట్టి శైశవ దశ కష్టాలు దీనికి తక్కువన్నదీ నిజమే.

సరిహద్దు అవతల పాకిస్థాన్ జేఎఫ్-17 విషయంలో చైనా డిజైన్‌ను, రష్యన్ ఇంజిన్‌ను ఎంచుకుంది. ప్రాజెక్టును మాత్రం తన వాయుసేన అధికారి చేతుల్లోనే ఉంచింది. తయారీ కేంద్రం కామ్రా కూడా వాయుసేన అధికారుల నాయకత్వంలోనే నడుస్తుంది. 2003లో తొలిసారి ఎగిరిన విమానం 2010 ఫిబ్రవరికి స్క్వాడ్రన్‌గా మారింది. సాంకేతిక స్వావలంబనలో తేజస్ మెట్టు దానికంటే ఎత్తయినది. కానీ చేతులు మారే అతుకులు ఎన్ని అన్న ఒక్క ప్రశ్నలో మాత్రం పొరుగు దేశపు ఏర్పాటు సరళమైనది.

ఒకే ఆఫీసు అన్నిటికీ మందు అనుకోవడమూ పొరపాటే. అమెరికా ఎఫ్-35 జాయింట్ ప్రోగ్రాం ఆఫీసు దీనికి సాక్ష్యం. మూడు సైనిక దళాలు, అనేక మిత్రదేశాల కోసం అభివృద్ధి, ఉత్పత్తి, నిర్వహణ మూడూ దాని కిందే ఉన్నాయి. 2018లో 1.1 లక్షల కోట్ల డాలర్లున్న అమెరికా జీవితకాల నిర్వహణ అంచనా 2023 నాటికి 1.58 లక్షల కోట్లకు పెరిగిందని గావ్ తెలిపింది. నిర్వహణ బాధ్యతలను 2027 అక్టోబరు నాటికి, కొనుగోలు బాధ్యతలను 2029 అక్టోబరు నాటికి ఆయా దళాలకు బదిలీ చేయాలని 2022 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టంలో కాంగ్రెస్ ఆదేశించింది. యవ్వనంలో కలిపి ఉంచడం, ముదిమిలో పంచిపెట్టడం రెండూ ఆఫీసు జీవితంలో భాగమే. ముఖ్యమైనది అది ఎప్పుడు జరగాలో ముందే నిర్ణయించుకోవడం.

ఎలా చదవాలి

ప్రోగ్రాం ఆఫీసును అధ్యయనం చేయడం ఆయుధాన్ని అధ్యయనం చేయడం కంటే కష్టం. ఆయుధం పరీక్షకు తేదీ ఉంటుంది. ఆఫీసు మారిన రోజుకు తేదీ ఉండదు. అందుకే పరిశోధకులు పరోక్ష ఆనవాళ్లు వెతుకుతారు. వేర్వేరు సంవత్సరాల సిబ్బంది పట్టికలను పక్కపక్కన పెట్టి డిజైనర్ల నిష్పత్తి ఎప్పుడు తగ్గింది, ఉత్పత్తి నిపుణుల నిష్పత్తి ఎప్పుడు పెరిగిందో చూస్తారు. డెప్యుటేషన్ మీద వచ్చిన సైనికాధికారులు ఎంతకాలం ఉన్నారో, ఏ స్థాయిలో ఉన్నారో లెక్కిస్తారు. ఏ పద్దు నుంచి డబ్బు వచ్చిందో, సమీక్షా సమావేశాల్లో ఏ ప్రశ్న ముందు వరుసలోకి వచ్చిందో గమనిస్తారు. భారత్‌లో కాగ్ నివేదికలు, రక్షణపై పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలు, డీఆర్‌డీవోపై 2008లో పి.రామారావు కమిటీ, 2024లో విజయరాఘవన్ కమిటీ చేసిన సమీక్షలు ఇందుకు ఆధారాలు. వీటిలో కమిటీల నివేదికలు పూర్తిగా ప్రజల ముందుకు రాకపోవడం అధ్యయనానికి పెద్ద లోటు.

ఈ చదువులో మూడు ప్రమాదాలున్నాయి. మొదటిది గెలిచినవారి కథలే మిగలడం. పొలారిస్‌పై పుస్తకాలున్నాయి, మధ్యలో ఆగిన ప్రాజెక్టులపై అంతగా లేవు. రెండోది సారథుల ఆత్మకథలు. అవి విలువైనవే అయినా ఆఫీసు పనిని వ్యక్తి ప్రతిభగా చూపుతాయి. మూడోది జీవితచక్రం అన్న ఉపమానమే. మనిషి ఒకసారే పుడతాడు. ఆయుధం మాత్రం మార్క్-1, మార్క్-1ఏ, మార్క్-2 అంటూ ఒక రూపంలో ముసలిదవుతుండగానే మరో రూపంలో మళ్లీ పుడుతుంది. ఒకే ఆఫీసులో ఒక గది వినియోగ దశలో, పక్క గది ఆలోచన దశలో ఉండవచ్చు. అప్పుడు ఆకర్షణీయమైన కొత్త పని మంచి ఇంజినీర్లను లాక్కుపోతుంది. ఎగురుతున్న విమానానికి విడిభాగాలు వెతికే గది ఖాళీ అవుతుంది.

ముందున్న పరీక్ష

2024 మార్చిలో భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ ఆమ్కా అభివృద్ధికి దాదాపు 15,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2025 మే నెలలో రక్షణ శాఖ దాని అమలు నమూనాను ఆమోదించి, ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలు సమానంగా పోటీపడేలా తలుపు తెరిచింది. తయారీదారును అభివృద్ధి దశలోనే భాగస్వామిని చేయడం ద్వారా తేజస్‌లో బాధించిన ఒక అతుకును తొలగించే ప్రయత్నమిది.

మిగిలిన ప్రశ్నలకు సమాధానం ఇంకా రావాలి. నమూనా విమానం ఎగిరిన మరుసటి ఏడాది ప్రోగ్రాం ఆఫీసులో ఎవరెవరు కొత్తగా చేరతారు, ఎవరు తప్పుకుంటారు అన్నది ఇప్పుడే రాసి ఉందా? డిజైన్‌ను ఏ తేదీన స్థిరపరచాలో, ఆ తర్వాత మార్పు కోరే హక్కు ఎవరిదో తేలిందా? వాయుసేన అధికారికి సలహా చెప్పే కుర్చీ వేస్తారా, నిర్ణయించే కుర్చీ వేస్తారా? పదేళ్ల తర్వాత విడిభాగాల బాధ్యత ఎవరి పద్దులో పడుతుంది?

ఇవి రాకెట్ శాస్త్రం కంటే చిన్న ప్రశ్నల్లా కనిపిస్తాయి. 1985లో ఎవరూ వీటిని గట్టిగా అడగలేదు. దాని మూల్యం 1994లో రావాల్సిన విమానం కోసం 2025 దాకా మిగ్-21 కాక్‌పిట్‌లో కూర్చున్న పైలట్లు చెల్లించారు. కొత్త విమానం గీతలు గీస్తున్నప్పుడే దాన్ని నడిపించే ఆఫీసు ఎలా మారుతుందో కూడా గీసుకోవడం ఇకనైనా పనిలో భాగం కావాలి.